నూట ఎనిమిది కిలోలు, ఇరవై పుల్లలు

మా చెల్లెలి అల్లుడు పోయిన వారం ఫోనులో ఒక ఫొటో పంపాడు. వంద కిలోలు దాటిన మనిషి, ఈమధ్యనే ముచ్చటపడి సన్నటి టైర్ల రోడ్డు సైకిలు కొనుక్కున్నాడు. ఫొటోలో వెనక చక్రం పుల్లలు, అవే స్పోకులు, రెండు విరిగి వేలాడుతున్నాయి. కొట్టువాడు ముందు ఒళ్లు తగ్గించుకు రమ్మన్నాడని కింద రాసి, నవ్వుతున్న బొమ్మ ఒకటి తగిలించాడు. నాకు నవ్వు రాలేదు. పదేళ్ల కిందట అదే మాట ఇంకో కొట్టులో ఇంకో పెద్దమనిషి నోట విన్నదాన్ని నేను.

అప్పట్లో శ్రీకాకుళంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. నలభై దాటాయి, నూట ఎనిమిది కిలోలుండేదాన్ని. మాది కళింగపట్నంలో చేపల వేట మీద బతికిన ఇల్లు, మా ఆడవాళ్లంతా గట్టి మనుషులే, నెత్తిన గంపతో మైళ్లు నడిచినవాళ్లే, కనక నా ఒంటిని చూసుకుని నేను ఎన్నడూ సిగ్గుపడలేదు. మోకాళ్లకు మంచిదని డాక్టరు చెబితే, చిన్ననాటి సరదా కూడా తోడై, విశాఖపట్నం వెళ్లి అద్దాల తలుపుల పెద్ద సైకిళ్ల కొట్టులో రోడ్డు సైకిలు కొన్నాను. మా ఆయన మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు.

ఆ కొట్టు యజమాని ఈనెపుల్లలా ఉండేవాడు. సైకిలు తెలిసినవాడు ఈ ప్రాంతంలో తానొక్కడేనని అతని నమ్మకం. సైకిలుతో వచ్చిన చక్రాలు మోటువని తీసేయించి, ముందు పద్దెనిమిది, వెనక ఇరవై పుల్లలున్న నాజూకు చక్రాలు వేయించాడు. అవి ఎంత తేలికో గ్రాముల్లో చెప్పాడు. నేనెంత బరువో మాత్రం కిలోల్లో కూడా అడగలేదు.

అతని చుట్టూ ఒక బృందం ఉండేది. ఆదివారాలు ఒంటికి అతుక్కునే చొక్కాలు, నల్ల కళ్లద్దాలు వేసుకుని, కార్ల మీద సైకిళ్లు కట్టుకుని మా జిల్లా రోడ్ల మీదికి వచ్చేవారు. నీళ్ల సీసా కూడా తేలికది కొన్నానని గొప్పలు చెప్పుకున్నవాడే దారిలో హోటలు కనబడగానే ఆరు పూరీలు తినేవాడు. అలాంటివాళ్లు నన్ను తమతో రానిచ్చారని ఆ రోజుల్లో పొంగిపోయాను చూడండి, అందుకు వాళ్లకంటే నా మీద నాకే ఎక్కువ రోత.

నెల తిరక్కుండా ఒక పుల్ల తెగింది. బాగు చేయించి తెచ్చుకుంటే ఇంకొకటి తెగింది. మూడోసారి తీసుకెళ్లినప్పుడు అతను చక్రం వంక చూడనే లేదు. నన్నే పైనుంచి కింది దాకా చూసి, కొట్టు కుర్రాళ్లందరూ వింటుండగా, "ఓ పదిహేను కేజీలు తగ్గి రండి మేడమ్, చక్రం దానంతటదే కుదురుకుంటుంది" అన్నాడు. తాడు ఎంత బరువుకు తెగుతుందో పిల్లల చేత రోజూ బోర్డు మీద లెక్క కట్టించేదాన్ని, నేనెక్కే చక్రం ఎంత మోస్తుందని ఒక్క ప్రశ్న వేయలేకపోయాను. ఒక కుర్రాడు పుల్ల మార్చి ఇచ్చాక తల దించుకుని ఇంటికొచ్చి అన్నం మానేశాను. మూడు వారాలు మజ్జిగ మీద గడిపాను. నాలుగో వారం క్లాసులో చాక్‌పీసు చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయాను. సైకిలు చక్రానికి సరిపోదామని మాడి పడిపోయానని ఎవరితో చెప్పను?

అయినా బుద్ధి రాలేదు. ఆ తరవాతి ఆదివారం బృందం కళింగపట్నం బయల్దేరితే నేనూ వెళ్లాను. గార ఊరు దాటాక రోడ్డు మీద చిన్న గొయ్యి, దాంట్లో పడగానే వెనక చక్రం పుల్లలు పటపటమని వరసగా తెగి, రిమ్ము అప్పడంలా వంకర తిరిగిపోయింది. నేను మోచేతి మీద పడ్డాను. అందరూ ఆగారు. ఒకాయన చక్రానికి ఫొటో తీశాడు. కొట్టు యజమాని నా చెయ్యి వైపు ఒకసారి చూసి, ఆటో పిలుచుకోమని చెప్పి, ఎండెక్కకముందే సముద్రం చేరాలంటూ మిగతావాళ్లను తోలుకుపోయాడు. మోచేతి ఎముక చిట్లింది.

కట్టు కట్టించుకుని, ఆ వంకర బండిని ఆటోలో వేసుకుని, కళింగపట్నంలో చిన్నాన్న ఇంటికి చేరాను. చిన్నాన్న ముప్పై ఏళ్లు సైకిలు మీద చేపలు వేసుకుని శ్రీకాకుళం మార్కెట్టుకు తొక్కినవాడు. నాకు మంచినీళ్లిచ్చి, అరుగు మీద కూర్చుని, ఆ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని పుల్లలు ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు.

"ఇరవయ్యేనేటే?" అన్నాడు.

"తేలికవంట సిన్నాన్నా" అన్నాను. ఆ ఇంట్లో కూర్చుంటే నా లెక్చరరు భాష నిలవదు.

"నా బండికి ఎనక నలభై. డెబ్బై కేజీల సేపలు, దాని మీద ఐసు, ఆపైన నేను. ఒక్కపాలి కూలబడిపోనేదు. గంపలల్లేవోడు కూడా ఎంత సరుకెత్తుతావని అడిగే అల్లుతాడు గదే. ఈడు మనిషిని ఎక్కిస్తా బరువెంతని అడగనేదా?"

అడగలేదన్నాను. చిన్నాన్న పక్కకు తిరిగి ఉమ్మేసి, "యాపారమేటిది, దొంగతనం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నా ఒంటిది కాదని అన్న మొదటి మనిషి ఆయనే.

ఇంటికెళ్లి ఆ చక్రాలు వచ్చిన అట్టపెట్టె వెతికితే, అడుగున మడతపెట్టిన కాగితం దొరికింది. తొంభై కిలోలకు మించినవాళ్లు వాడకూడదని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చేతికట్టుతోనే విశాఖపట్నం వెళ్లి, ఆ కాగితం అతని బల్ల మీద పెట్టాను. అతను తడబడలేదు, సిగ్గుపడనూ లేదు.

"లేడీస్‌ని బరువెంతని ఎలా అడుగుతాం మేడమ్, మర్యాదగా ఉండదు కదా" అన్నాడు.

కొట్టు నిండా జనముండగా పదిహేను కేజీలు తగ్గమన్న రోజున ఆ మర్యాద ఏమైందని అడిగాను. అతను కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. అరవలేదు నేను. అరవడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా.

చెయ్యి నయమయ్యాక చిన్నాన్న నన్ను శ్రీకాకుళంలోనే, చేపల మార్కెట్టు వెనక సందులో, తన ఈడు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. చేపలవాళ్ల చక్రాలన్నీ ఆయన చేతుల మీద అల్లినవే. బరువెంతమ్మా అని అడిగాడు. నూట ఎనిమిది అన్నాను. ఇంతేనా అన్నట్టు తలూపి, వెనక సంచి కడతావా, ఏ రోడ్లమ్మట తిరుగుతావు అని అడిగాడు. అంతే. నా బరువును టైరు సైజు అడిగినంత మామూలుగా అడిగినవాడిని నేను మళ్లీ చూడలేదు. ముందు ముప్పై రెండు, వెనక ముప్పై ఆరు పుల్లలు పట్టే హబ్బులు, రెండు పొరల గట్టి రిమ్ములు తెప్పించాడు. ప్రతి పుల్లా మరో మూడింటిని దాటి వెళ్లేలా అల్లాడు. గోటితో మీటి చెవి పెట్టి విని, ఒకే బిగువు వచ్చేదాకా తిప్పాడు. ఫ్రేములో పట్టినంత వెడల్పు టైర్లు వేశాడు. పది రోజులు తొక్కించి, మళ్లీ రప్పించి, సడలినవి బిగించి బెండు తీశాడు. మునుపటి వాటికంటే అరకిలో పైగా బరువు పెరిగింది. పూరీల పెద్దమనిషి చూస్తే ముక్కు విరిచేవాడే.

ఆ చక్రాల మీద నాలుగేళ్లు తిరిగాను. పాతపట్నం వెళ్లి అదే రోజు వెనక్కొచ్చాను, రానూపోనూ వంద కిలోమీటర్ల పైనే. ఒక్క పుల్ల తెగలేదు. బరువూ తగ్గలేదు. ఆ బృందం మళ్లీ పిలిచింది గాని నేను పోలేదు.

మా చెల్లెలి అల్లుడికి ఇదంతా చెప్పి, ముప్పై ఆరు పుల్లల చక్రం అల్లించుకోమన్నాను. ఎవరి చేత అని అడిగాడు. మేస్త్రి పోయాడు, ఆ సందులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. చిన్నాన్నా పోయాడు. కళింగపట్నం చేపలు ఐసు పెట్టెల్లో ఆటోలెక్కి వస్తున్నాయి. నాకు షుగరొచ్చి మూడేళ్లలో ముప్పై కిలోలు కరిగిపోయాను, మెట్లెక్కితే ఆయాసం. దారిలో కనబడిన ప్రతివాళ్లూ, మా పాత కాలేజీవాళ్లతో సహా, ఎంత బాగా తగ్గావని మెచ్చుకుంటున్నారు. పాతపట్నం తొక్కి వచ్చిన రోజున బాగున్నావని ఒక్కళ్లూ అనలేదు.