తువ్వాలు కింద పట్టిన చెయ్యి

దెయ్యాల మాటెత్తితే నవ్వేసేవాణ్ణి. తిరుపతిలో చిల్లర కొట్టు నడిపే ఇంట్లో పుట్టాను. ప్రసాదం లడ్డు చేతిలో పెట్టినా బరువు చూసుకునే రకం మేము. కంటికి కనబడని సరుకును నమ్మడం మాకు చేతకాదు.

అయితే చిన్నప్పటి నుంచీ నాకొక జ్ఞాపకం ఉండేది. పాకాలలో ఒక బెల్లం గోడౌను. నేను అటక మీద ఉన్నాను. కింద ఎవరో నిచ్చెన తీసేశారు. దాహమని అరుస్తున్నాను. పక్కన కడ్డీల కిటికీ, మధ్య కడ్డీ వంకర.

ఈ మాట చెబితే నాయన విసుక్కునేవాడు. "పాకాల మొగమన్నా సూసినావంట్రా నువ్వు? యాడో కల కనింటావు."

డెబ్బైల చివర్లో అన్న కొట్టులోంచి విడిపడి సొంతంగా బెల్లం వ్యాపారం పెట్టాలనుకున్నాను. గోడౌను దొరక్కపోతే మళ్ళీ అన్న గల్లా పక్కనే పొట్లాలు కట్టుకోవాలి. పాకాలలో మునస్వామి అనే పెద్దాయన తన గోడౌను అమ్ముతున్నాడంటే నాయనతో కలిసి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం.

లోపల అడుగు పెట్టగానే తలెత్తి చూశాను. అదే అటక. కిటికీ ఉండాల్సిన చోట మాత్రం గోడ ఉంది. భయం భయమే, ధర తగ్గించడానికి వంక దొరికిందన్న సంబరం సంబరమే.

"ఏమప్పా, ఆడ కడ్డీల కిటికీ ఉండల్ల కదా? మధ్య కడ్డీ వంకర. ఎందుకు మూసేస్తిరి?"

మునస్వామి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పుట్టకముందే మూసినాము. నీకెవురు చెప్పినారు?"

నేను మాట ధర మీదికి మళ్ళించాను. బేరానికి కూర్చున్నాం. మా వైపు పాతకాలపు వ్యాపారులు ధర నోటితో చెప్పరు. పక్కవాడికి తెలియకుండా చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టి చెబుతారు. నేను మర్యాదైన ధరే అడగబోయాను. నా వేళ్ళు నా మాట వినలేదు. ఎంత పిసినారినైనా అంత సిగ్గుమాలిన ధర నేను అడగను. పైగా నా చెయ్యి చూపుడువేలు మడిచి ఆయన అరచేతిలో గుచ్చింది. మా ఇంట్లో ఎవరూ అలా బేరం చేయరు.

ఆయన చెయ్యి లాక్కోబోయాడు. నేనూ వదలబోయాను. నా పిడికిలి ఇంకా బిగిసింది.

ముసలాయన నా వైపు చూడటం లేదు. అటక వైపు చూస్తున్నాడు.

"చెంగల్రాయా, వదులబ్బా! నీ గోడౌను ఇచ్చేస్తా, వదులు!"

అప్పుడు వదిలింది.

చెంగల్రాయుడు మునస్వామి వ్యాపారంలో పాత భాగస్తుడట. నేను పుట్టకముందే ఆ గోడౌనులోనే జ్వరంతో పోయాడని పక్క కొట్టాయన చెప్పాడు. నిచ్చెన సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా వేళ్ళు అడిగిన ధరకే రిజిస్ట్రేషను జరిగిన నాడు మునస్వామి కుడి చేతికి గుడ్డ కట్టి ఉంది. విప్పి చూపించాడు. అరచేతిలో లోతుగా గోళ్ళు దిగిన గాట్లు. "ఇంకా తీరలేదా నీ పగ?" అన్నాడు, నా మొహంలోకి చూస్తూనే. ఆ పుండు చచ్చేదాకా మానలేదనీ, అన్నం ఎడమచేత్తోనే తిన్నాడనీ వాళ్ళ వాళ్ళు తర్వాత చెప్పారు.

నాకేమో గోళ్ళు కొరికే అలవాటు. గీరుకోవడానికి కూడా నా వేళ్ళకు గోళ్ళుండవు.

నేను చేసిన అతి గొప్ప బేరం అదేనని అందరూ మెచ్చుకుంటారు. ఎవరు చేశారో నాకైతే ఈనాటికీ తెలియదు. గోడౌను చేతికి రాగానే చేసిన మొదటి పని మాత్రం నాదే. నిచ్చెనను అటకకు మేకులతో దిగ్గొట్టించాను.