ఖాళీ అని రాసిన రెండు నిమిషాలు

కొత్త రికార్డు వస్తే నేను మూడుసార్లు వింటాను. మొదటిసారి కలం పట్టను. రెండోసారి గోడ గడియారం కింద కూర్చుని, ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో కాగితం మీద తేదీ వేసి రాసుకుంటాను. మూడోసారి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటాను. చేతిలో పని ఆగిపోయిందంటే అక్కడ ఏదో ఉన్నట్టు. కాయలన్నీ అయిపోయేదాకా చెయ్యి ఆగకపోతే ఆ రికార్డుకు నాలుగు వాక్యాలు చాలు.

ఈ సంగీతాన్ని డ్రమ్ అండ్ బేస్ అంటారు. పాట అంటే మనం అనుకునేది ఇందులో లేదు. మాటలు దాదాపు ఉండవు. డ్రమ్ములు నిమిషానికి నూట డెబ్బై దెబ్బలకు అటూ ఇటూ ఉరుకుతుంటాయి. వాటి కింద బేస్ అనే లోతు శబ్దం అందులో సగం వేగంతో నడుస్తుంటుంది. పైన ఉరుకు, కింద నడక. ఈ రెండింటినీ ఒకేసారి వినడం మొదట్లో రెండు పొయ్యిల మీద రెండు కూరలు చూసుకున్నట్టు ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది. ఇందులోనే కొత్త దారులు వెతికేవాళ్లు కొందరున్నారు. ఒకరు రేకుల మీద పడే వానను డ్రమ్ముగా మారుస్తారు. ఇంకొకరు నడుమ వేగం మార్చి, లేని మెట్టు మీద మనచేత కాలు వేయిస్తారు. నేను సమీక్షలు రాసేది ఇలాంటివాళ్ల రికార్డుల మీదే.

ఈ పని నాకు మా బిడ్డ కూతురి వల్ల అంటుకుంది. ఆమె తల్లిదండ్రులు కథలాపూర్‌లో వ్యవసాయం చేస్తారు. మనవరాలు కోరుట్లలో నా దగ్గర ఉండి, పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోలో పని చేస్తుంది. ఇద్దరు స్నేహితులతో కలిసి కొత్త సంగీతం మీద తెలుగులో చిన్న వెబ్ పత్రిక నడుపుతుంది. ఒక ఆదివారం వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టి ఏదో వింటోంది. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను.

"మూడో దెబ్బ ఆలస్యంగ పడ్తున్నది" అన్నాను.

"ఏందమ్మమ్మా?"

"ఒకటి, రెండు సరిగ్గనే పడ్తున్నయి. మూడోది పడాల్సిన కాడ పడ్తలేదు. అరడుగు ఆగి పడ్తున్నది. మళ్ల నాలుగోది సరిగ్గ. ఎవలన్న జర జూసి బాగు చెయ్యద్దా?"

మనవరాలు గట్టు పట్టుకుని నవ్వింది. "బాగు చేస్తే ఇంకేముంటదే! గా ఆలస్యం కోసమే గింతమంది ఇంటరు."

నాకది వింతగా తోచింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇరవై ఆరేళ్లు నేను సిరిసిల్లలో ఉన్నాను. మా ఆయనకు, వాళ్ల అన్నకు కలిపి పన్నెండు మరమగ్గాలుండేవి. మేం వాటిని సాంచాలు అంటాం. మీటర్లు, పోగులు, కూలీ లెక్కలు నేను చూసేదాన్ని. బల్ల సాంచాల నడుమే ఉండేది. పన్నెండింటిలో ఒకదాని దెబ్బ ఆలస్యమైతే, తల ఎత్తకుండానే ఏదో చెప్పేదాన్ని. ఆలస్యమంటే తోలు పట్టా వదులైనట్టు, కాసేపట్లో పోగు తెగుతున్నట్టు. అలాంటిది ఇక్కడ ఆలస్యాన్ని కావాలని పెట్టి, దాన్నే బాగుందంటున్నారు. ఎందుకు బాగుందో కనుక్కోవాలనిపించింది. అక్కడ మొదలుపెట్టి వాళ్ల పత్రికకు ముప్పై ఒక్క సమీక్షలు రాశాను.

నా రాతల్లో అద్భుతం, అమోఘం ఉండవు. ఎక్కడ ఏం జరిగిందో ఉంటుంది. అది కొందరికి నచ్చింది. పోలండ్ నుంచి ఒకాయన నా సమీక్షను ఫోన్లో తన భాషలోకి మార్చుకుని చదివి, తాను ఐదో నిమిషంలో దాచిన చిన్న తడబాటును పట్టుకున్నందుకు సంతోషమని రాశాడు. మనవరాలు ఆ ఉత్తరం నాకు రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి నేనడగలేదు, కానీ వద్దనలేదు.

ముప్పై రెండో రికార్డు మొన్నటి ఎండాకాలంలో వచ్చింది. నాలుగు ముక్కలు. చేసింది ఒక ఆడమనిషి అని తప్ప, ఎవరో, ఏ దేశమో రాయలేదు. మొదటి రెండూ గట్టివి. మూడోదాంట్లో నాలుగో నిమిషం దగ్గర డ్రమ్ములన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మళ్లీ మొదలవుతాయని చూశాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత డ్రమ్ములు తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చాయి. మూడుసార్లు విన్నా అంతే. నేను ఇలా రాశాను: "ఇక్కడ రెండు నిమిషాలు ఖాళీ వదిలింది. ఖాళీ వదలడం తప్పు కాదు. కానీ ఇంతసేపు ఎందుకో వినేవాళ్లకు తెలియాలి. తెలియలేదు."

స్టూడియో నుంచి వచ్చి, అన్నం తింటూ మనవరాలు ఆ కాగితం చదివింది.

"ఖాళీ ఏడుందే?"

"మూడోదాంట్ల. టైం గూడ వేసిన, సూడు."

ఎడమ చేత్తో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. "గక్కడ్నే కదా అసలు పని. సన్నగ, మస్తుగ, ఎన్ని ఉన్నయో!"

"నన్ను ఆట పట్టిస్తున్నవా?"

"నీ మీద ఒట్టు."

హెడ్‌ఫోన్లు నాకు పెట్టింది. తన తల ఊగుతోంది. నాకు కూలర్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు తను చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచి, శబ్దం బొమ్మగా కనబడే ప్రోగ్రాంలో ఆ చోటు చూపించింది. నేను ఖాళీ అన్న చోట సన్న గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి, చీర అంచు నేసినంత దగ్గరగా. కళ్లతో చూసినదాన్ని కాదనడం నా వల్ల కాలేదు.

"పాతయి తియ్యి" అన్నాను. ముప్పై ఒక్క సమీక్షలూ ఇద్దరం తిరగేశాం. డ్రమ్ముల్లో అన్నిటికన్నా పైన సన్నగా మోగే తాళాల గురించి ఒక్కచోట కూడా నేను రాయలేదు.

"నువ్వెన్నడూ చెప్పలేదేందే?"

"నీ ఇస్టైల్ గంతే కావచ్చు అనుకున్న" అంది మెల్లగా.

జగిత్యాలలో చెవులు పరీక్ష చేసేచోట ఒక అమ్మాయి నన్ను గాజు తలుపు గదిలో కూర్చోబెట్టింది. చప్పుడు వినబడ్డప్పుడల్లా మీట నొక్కాలి. మొదట్లో గబగబా నొక్కాను. తర్వాత ఎంత చూసినా నొక్కే పని పడలేదు. ఆమె గీసిన గీత సాపుగా పోయి, సగం దాటాక బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఏం పని చేసెటోళ్లు అమ్మా?"

"సాంచాల కాడ లెక్కలు రాసిన. సిరిసిల్లల."

"గదే అనుకున్న. లోతు చప్పుడు మంచిగనే ఇనవడ్తది. సన్నయి పోయినయి. ఇప్పుడు పోయినయి కావు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు ఇంక సాఫ్‌గ ఇనవడ్తయి."

"సంగీతం?"

"ఏం సంగీతం అమ్మా? భజనలా?"

ఏం సంగీతమో చెప్పాను. ఆమె మనవరాలి వైపు చూసింది. మనవరాలు అవునన్నట్టు తలూపింది. "గీత మొత్తం కిందికి పోయినకాడ మిషన్ గూడ ఏం చెయ్యలేకపోవచ్చు. అబద్ధం చెప్ప" అంది ఆ అమ్మాయి. నాకామె నచ్చింది.

బస్సులో మనవరాలితో చెప్పాను. "ఇగ నేను రాయ. సగం బట్ట సూసి థాను మొత్తం మంచిగుందని ముద్ర వేసుడు నాతోని కాదు."

"నీ పేజీ కోసం చూసెటోళ్లున్నరు అమ్మమ్మా."

"వాళ్లకు సగమే చూపిస్తున్న కదా."

ముప్పై రెండో సమీక్షకు గడువు శుక్రవారం. పత్రికలో నా పేజీ ఉంచాలో తీసేయాలో ఆలోపు తేలాలి. తీసేయమంటే మనవరాలు తీసేస్తుంది; నా మాట దాటే పిల్ల కాదు. కానీ నాకు ఒకటి తెలుసుకోవాలని ఉంది. నేను అక్కా అని పిలిచే నా తోటికోడలు ఇప్పటికీ సిరిసిల్లలోనే ఉంది. నాకన్నా ఎక్కువ కాలం సాంచాల మధ్య బతికింది. ఆమెకు ఆ రెండు నిమిషాలు ఎలా వినబడతాయి?

మర్నాడు బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని వేములవాడ మీదుగా ఒక్కదాన్నే పోయాను. వాళ్ల ఇంటిని ఆనుకునే షెడ్డు. కొడుకు ఎనిమిది సాంచాలు నడుపుతున్నాడు. అక్క గడపలో కూర్చుని ఉంది. ఆ హోరులో మేం నోరెత్తి అరవలేదు. పెదవులు కదిలిస్తే చాలు, మిగతాది చేతులు చెబుతాయి. ఆరోగ్యం, మందులు, కోడలి మీద చిన్న ఫిర్యాదు, ఛాయ్, అన్నీ అలాగే అయిపోయాయి. వచ్చిన పని మాత్రం చేతులతో చెప్పడం కుదరలేదు. వెనక గదిలోకి తీసుకుపోయి తలుపు మూసింది.

హెడ్‌ఫోన్లు ఆమెకు పెట్టాను. మూడో ముక్క మొదలైంది. కాసేపు మొహం చిట్లించి, తర్వాత మోకాలి మీద వేళ్లతో దరువు వేయసాగింది.

"ఏంది గీ సాంచ? మస్తు ఉరుకుతున్నది. పోగు నిలుస్తదా దీనికి?"

"సాంచ కాదక్కా. సంగీతం."

"ఎవలన్నరు?"

నాలుగో నిమిషం వచ్చింది. ఆమె వేళ్లు ఆగాయి. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను.

"బందయింది" అంది.

"ఏం ఇనవడ్తలేదా?"

"బందయితె ఏం ఇనవడ్తది? గిది ఇనేతందుకు కోరుట్ల కాన్నుంచి బస్సెక్కి అచ్చినవా? గమ్మునుండుడు ఇక్కడ దొరకదనా?"

ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఇద్దరు ముసలివాళ్లం, ఒక హెడ్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకుని, లేనిదాని కోసం మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి వింటున్నాం. ఆమె చెవి కూడా నా చెవిలాంటిదే. తెలుసుకోవాల్సింది తెలిసింది. లేద్దామనుకున్నాను.

అప్పుడు కరెంటు పోయింది. పక్క షెడ్డులో ఎనిమిది సాంచాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. వీధిలో మిగతావీ ఆగాయి. నెత్తి మీద పంకా నెమ్మదించి నిలబడింది. అక్క లేవబోయి, మళ్లీ కూర్చుంది. తన చెవికున్న డబ్బాను అరచేత్తో గట్టిగా అదుముకుంది.

"ఆగు. కదలకు."

"ఏందక్కా?"

"బందు కాలేదే ఇది. కింద ఏదో పోతున్నది."

నేనూ అదుముకున్నాను. అవును. ఎక్కడో ఊరవతల బరువు లారీ వస్తూ వస్తూ దగ్గరికి రానట్టు, ఒక చప్పుడు లేచి పడుతోంది. చెవిలోకన్నా దవడ ఎముకలో ఎక్కువ తెలుస్తోంది. లేవడం నెమ్మది, పడడం ఇంకా నెమ్మది. లెక్కపెట్టాను. డ్రమ్ములు ఉరికినప్పటి వేగంలో సరిగ్గా ఎనిమిదో వంతు. అది పోలేదు, మారలేదు. పైన డ్రమ్ములు మాయమైనప్పుడు నేను వాటి కోసమే చూస్తూ దీన్ని విననే లేదు. వినడానికి కూలర్ ఒకటి అడ్డం. మనవరాలు కూడా దీని ఊసు ఎత్తలేదు. తన చెవి పైనున్న సన్న చప్పుళ్ల వెంట పోయింది కాబోలు.

"మంచిగున్నదే" అంది అక్క కళ్లు మూసుకుని. "ఇదేం పాట?"

"పాట కాదక్కా."

"ఏదన్న గానీ. మళ్ల పెట్టు."

కరెంటు వచ్చేదాకా పెడుతూనే ఉన్నాను.

గురువారం సాయంత్రం కోరుట్లలో కూలర్ ఆపించి, మనవరాలికి ఆ రెండు నిమిషాలు మళ్లీ వినిపించాను. కింది చప్పుడు ఎక్కడ లేస్తుందో వేలు ఎత్తి చూపించాను. మొదటిసారి ఆమెకు దొరకలేదు. రెండోసారి కళ్లు పెద్దవి చేసింది.

"ఓర్నీ! పైనున్నయి దీని మీదనే నిలవడ్డయి కదనే!"

అప్పుడే నా సంగతి తేలింది. ముప్పై రెండో సమీక్ష రాస్తానని చెప్పాను, ఒక షరతు మీద. మొదటి వాక్యంలోనే నా చెవి ఎక్కడిదాకా పోతుందో రాయాలి. అది దాటి పైనున్నదంతా ఆమె రాయాలి. ఎవరి వాక్యం ఎవరిదో చదివేవాళ్లకు తెలియాలి. పాత ముప్పై ఒక్కటికీ కింద ఇదే సంగతి చేర్చాలి. ఆమె సరేనంది. నేను అక్కడే కూర్చుని రాశాను: "సన్న చప్పుళ్లు నాకు వినబడవు. ఈ రెండు నిమిషాల్లో నేను విన్నది కింది చప్పుడు మాత్రమే. నాకు అదొక్కటే చాలింది. పైన ఏముందో మా మనవరాలు చెబుతుంది."

"మరి చెప్పు" అన్నాను కలం పట్టుకుని. "ఎట్లున్నయి అవి?"

"ఎట్ల అంటే... నూనెల ఆవాలు చిటపటలాడినట్టు."

"అన్ని ఆవాలు ఒక్కసారే పేలుతయా, ఒకటొకటిగనా?"

"ఒకటొకటే. కానీ మస్తు తొందర."

"అన్నీ ఒక్కతీరు పేలుతున్నయా?"

"లేదు. నడుమనడుమ ఒకటి గట్టిగ."

"ఎన్నిటికొక్కటి?"

తను నా మణికట్టు పట్టుకుని, ఆ రెండు నిమిషాలను మళ్లీ మొదటి నుంచి పెట్టి, వినబడ్డదల్లా గోటితో నా చర్మం మీద కొట్టడం మొదలుపెట్టింది. గట్టిది వచ్చినప్పుడు గోరు గుచ్చింది. నేను లెక్కపెట్టాను. ఏడింటికొకటి, ఏడింటికొకటి, తర్వాత ఐదింటికే ఒకటి.

"ఆగు, ఆగు" అన్నాను. "గిది నువ్వు తప్పినవా, రికార్డు చేసినామెనే గట్ల చేసిందా?"

"ఏమో అమ్మమ్మా" అని తను వెనక్కి జరిపింది. నేను చేతి గాజులు పైకి తోసుకుని మణికట్టు మళ్లీ చాపాను.