బొటనవేలు వంకర మేస్త్రి, అర సైజు వయొలిన్

మా ఇంట్లో ఏ వస్తువైనా ఒక సైజు పెద్దదే కొంటాం. పిల్లలు ఎదుగుతారు, వస్తువు ఎదగదు కదా అన్నది మా వంశ సిద్ధాంతం. కాన్వెంటులో చదివే రోజుల్లో నా బూట్లు నాకంటే ముందే క్లాసులోకి వెళ్లి హాజరు పలికేవి. వాటిలో కుక్కిన కాగితాలు చదివే నాకు సగం ఇంగ్లీషు వచ్చింది.

అందుచేత తొమ్మిదేళ్ల మా మనవరాలు బుడంకాయకు వయొలిన్ కావలసి వచ్చినప్పుడు, పాత సామాన్ల కొట్లో తళతళలాడే పెద్దవాళ్ల వయొలిన్ ఒకటి చవగ్గా పట్టేసి, యుద్ధం గెలిచినవాడిలా ఇంటికి వచ్చాను.

సంగీతం టీచరమ్మ దాన్ని చూసి నుదురు కొట్టుకుంది.

"పిల్ల దీన్ని వాయించాలా, మొయ్యాలా? శనివారానికి సరైనది తెండి. లేదంటే ఈ సీటు కోసం ఇంకో పిల్ల కాచుకుని ఉంది."

బుడంకాయ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నెల రోజులుగా స్కేలును భుజాన పెట్టుకుని, చీపురుపుల్ల కమానుతో సాధన చేస్తున్న పిల్ల, ఇంటికి రాగానే ఆ స్కేలు తీసి లెక్కల పుస్తకంలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బుడంకాయనీ, వయొలిన్‌నీ వెంటబెట్టుకుని, మా వీధిలో వయొలిన్లు బాగుచేసే మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

మేస్త్రి కొట్టు రెండు మంచాలంత ఉంటుంది. గోడ నిండా చిన్నా పెద్దా వయొలిన్లు, స్టవ్వు మీద గిన్నెలో ఉడికే జిగురు. ఆయన మొదట తలుపులు, కిటికీలు చేసేవాడు. ఒకసారి ఎవరో విరిగిన వయొలిన్ తెస్తే, తలుపుకు వేసినంత గట్టిగా అతికించి పంపాడు. ఎండాకాలంలో చెక్క కాస్త సర్దుకోబోయింది, జిగురు ఒప్పుకోలేదు. వయొలిన్ పొట్ట నిలువునా చీలింది. ఆ సిగ్గుతో తలుపుల పని మానేసి, ఒక ముసలి వయొలిన్ పనివాడి దగ్గర రెండేళ్లు జిగురు ఉడకబెట్టడం నేర్చుకున్నాడు. అప్పటినుంచి ఇదే పని.

ఆయన కుడి బొటనవేలు పక్కకు వంగి ఉంటుంది. దాని గురించి వీధిలో నాలుగు కథలు పుట్టించింది నేనే. మొసలి కథకు గిరాకీ ఎక్కువ.

"మేస్త్రీ, ఈ పెద్దదాన్నే కాస్త సర్దిపెట్టు. ఏడాది తిరక్కుండా తాటిచెట్టంత అవుతుంది మా పిల్ల" అన్నాను.

మేస్త్రి తన వంకర వేలు చూపించాడు.

"ఇది మొసలి కొరికింది కాదు పెద్దాయనా."

నేను జిగురు గిన్నె వైపు చూశాను.

"అప్పుడు నాకూ ఈ పిల్ల వయసే. మా నాన్న చెక్క నున్నగా గీసే తన చిత్రిక చేతికిచ్చి, ఎదిగేకొద్దీ అదే సరిపోతుందిలే అన్నాడు. చిత్రిక నాకు సరిపోలేదు. నా వేలే దానికి సరిపోయింది."

నా వంశ సిద్ధాంతం అక్కడికక్కడే కూలబడింది.

మేస్త్రి బుడంకాయ చేయి చాపించి, ఒక్కో వయొలిన్ భుజాన పెట్టి చూశాడు. అర సైజు దగ్గర దాని వేళ్లు వయొలిన్ తల చివరి చుట్టను హాయిగా పట్టుకున్నాయి.

"ఇదీ నీ కొలత. ఇప్పుడు గోడ వైపు తిరుగు తల్లీ. చూడకూడదు, వినాలి."

అర సైజువి మూడు తీసి ఒక్కోటీ వాయించాడు. మొదటిది నాకు భలే నచ్చింది, అద్దంలా మెరుస్తోంది. నేను దగ్గి, అదే అదే అని సైగ చెయ్యబోయాను.

"తాతా, గోడ మీద నీ నీడ కనిపిస్తోంది. ఊరుకో" అంది బుడంకాయ. "మూడోది కావాలి. అది లోపల్నుంచి మాట్లాడుతోంది."

తిరిగి చూస్తే మూడోది అన్నిట్లోకీ అనాకారి. రంగు వెలిసింది, పక్కన అతుకు. గడ్డం ఆనేచోట ఎంతమంది పిల్లలు ఆనారో, చెక్క నున్నగా పల్లం పడింది. మేస్త్రి మెడ నిటారుగా ఉందో లేదో ఒంటికన్నుతో చూశాడు, తీగలు బిగించే బిరడాలు తిప్పి జారడం లేదని తేల్చాడు, తీగలు కొత్తవి వేశాడు.

"కొనకండి, అద్దెకు తీసుకెళ్లండి. నెలకు ఒక సినిమా టికెట్టంత. మీ పెద్దది నా గోడకు వేలాడుతుంది. పిల్ల అంత ఎదిగినప్పుడు అదీ దిగుతుంది."

బుడంకాయను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, తలకు కాస్త పైన పెన్సిలుతో గీత గీశాడు. ఆ చట్రం నిండా అలాంటి గీతలే.

"ఈ గీత అందుకున్నాక రా. ముప్పావు సైజు ఇస్తాను. కానీ దీన్ని వెనక్కి ఇచ్చే ముందు నాకొక పాట వాయించాలి. అదీ నా షరతు."

"రెండు వాయిస్తా" అంది బుడంకాయ.

శనివారం టీచరమ్మ దాని మోచెయ్యి చూసింది, మణికట్టు చూసింది, మొదటి వరసలో నిలబెట్టింది. కాచుకుని ఉన్న ఇంకో పిల్లకు పక్కనే చోటు చేసింది. కమాను మొదటిసారి తీగను తాకగానే వచ్చిన కూతకు ఎదురింటి పిల్లి మూడు వీధులు దాటి ఇంకా తిరిగి రాలేదు. నాకైతే అంత కమ్మని చప్పుడు ఈ జన్మలో వినబడలేదు.

మొసలి కథ అబద్ధమని ఇప్పుడు నేనే వీధిలో చెబుతున్నాను. ఒక్కరూ నమ్మడం లేదు.

బుడంకాయ మాత్రం అప్పుడప్పుడు మేస్త్రి కొట్టుకు వెళ్లి తలుపు చట్రానికి ఆని నిలబడుతుంది. "మడమలు కింద పెట్టవే దొంగా!" అని ఆయన లోపలినుంచే అరుస్తాడు.