ఏడుగురిలో మూడోవాడు

మా అబ్బాయి పుట్టిన పందొమ్మిదో రోజున మా తోడికోడలికి కొడుకు పుట్టాడు. కోరాపుట్‌లో ఒకే ఇల్లు. కింద చింతపండు టోకు దుకాణం, పైన మా రెండు కాపురాలు. పళ్ళు రావడం, నడవడం, మాటలు, అన్నిట్లోనూ మావాడే ముందు. ఆ తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. అడిగినవాళ్ళే లేరు.

పదిహేడో ఏట ఇద్దరూ బస్సెక్కి సునాబెడ వెళ్ళి బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం దుకాణంలో బస్తాలు తూచే కాటా మీద వాళ్ళను నిలబెట్టి బరువు రాసేదాన్ని, చొక్కాలు, చెప్పులు విప్పించాకే. 1999 ఆఖరుకు మావాడు డెబ్బై నాలుగు కిలోలు, వాడు ఎనభై ఎనిమిది. చెయ్యి చురుకైనది మావాడిదేనని నేర్పే ఆయనే అన్నాడు. రాష్ట్ర పోటీల్లో మావాడు రెండు ఆటలు గెలిచి, మూడోదైన క్వార్టర్ ఫైనల్లో ఓడి, వట్టి చేతులతో వచ్చాడు.

2001లో తోడికోడలి కొడుకు తొంభై ఒక్క కిలోలు దాటినవాళ్ళ తరగతికి, అంటే అన్నిటికన్నా బరువైన సూపర్ హెవీవెయిట్‌కి మారాడు. దానికి పైన హద్దు లేదు. మరుసటి ఏడు పై దేశాలవాళ్ళు కూడా వచ్చిన పోటీకి వెళ్ళి కంచు పతకం తెచ్చాడు. తోడికోడలు ఆ పతకాన్ని వీధంతా తిప్పింది. నాకు నెల రోజులు అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరితో ఎవరు తలపడాలో వేసిన డ్రా కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, సూడు, మావోడి పేరు ఇంగిలీషులో ఎంత బాగా పడిందో!"

నేను పేరు చూడలేదు. పేర్లు లెక్కపెట్టాను. ఏడు. మొదటి రోజు ఆరుగురు తలపడ్డారు. వీడికి జత ఎవరూ మిగలక ఊరికే సెమీఫైనల్‌కి పంపేశారు. అక్కడ పాయింట్ల మీద ఓడాడు. సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కంచు పతకం ఇస్తారట. అంటే ఒక్కసారి బరిలోకి దిగి, ఆ ఒక్కసారీ ఓడినవాడికి పతకం. రెండు గెలిచిన నా కొడుకు కింద చింతపండు తూస్తున్నాడు.

"బాగుందమ్మీ" అని కాగితం మడిచి ఇచ్చేశాను.

రాయగడ వర్తకులు వాడికి సన్మానం పెట్టారు. పెద్దకోడలిని కాబట్టి నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఈ లెక్క మైకులోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. సంతోషిస్తాడనుకుని ముందు రోజు మా అబ్బాయికి చెప్పాను.

వాడు నవ్వాడు. "నాకు తెల్దేటమ్మా? ఆ క్లాసుకెల్లమని ఆడికి సెప్పింది నేనే. ఎక్కడ సూసినా నలుగురో అయిదుగురో ఉంటారు. నీ కొడుకుని కానేటి? లెక్కెట్టడం నాకూ వొచ్చు."

"మరి నువ్వెల్లేవు కాదేం?"

"ఆర్నెల్లు రోజుకి రెండు లీటర్ల పాలు తాగించేవు కదే. డెబ్బై ఎనిమిది దాటిందేటి? నువ్వే రాసేవు." తర్వాత నవ్వడం మానేశాడు. "రేపు నువ్వు ఆ మాటన్నావంటే పోయేది నా పరువే అమ్మా. నేనే ఏడుస్తన్నానంటారు."

సభలో మైకు ముందు నిలబడ్డాను. ఏడుగురి లెక్క నోటిదాకా వచ్చింది. మూడో వరసలో మా అబ్బాయి రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాడు.

"మా ఇంటి కుర్రాడు గెలుచుకొచ్చేడు" అన్నాను. గెలవలేదని తెలిసే అన్నాను. మైకు వదిలి వచ్చి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అబ్బాయి లేచి నిలబడి మరీ కొట్టాడు.

తోడికోడలు నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరకు వంగింది.

"ఎంత బాగా సెప్పేవక్కా! ఇంకో రెండు ముక్కలు సెప్పవలసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది.