ఎలుక కణాల మీద దొంగ మెరుపు

మా అమ్మకు కీళ్లవాతం. ఆదోని పక్క పల్లెలో ఏళ్ల తరబడి పత్తి ఏరి ఏరి వచ్చిందని ఇరుగుపొరుగు అనేవాళ్లు. డాక్టరు మాత్రం, రోగాన్ని తరమాల్సిన తెల్లకణాలే కీళ్ల మీద పడుతున్నాయని చెప్పాడు. ఆ మాట నన్ను వదల్లేదు. కడపలో పరిశోధనకు చేరినప్పుడు ఆ కణాల పనే ఎంచుకున్నాను.

వాపు ఉన్న చోటు నుంచి కొన్ని రసాయనాలు బయలుదేరి తెల్లకణాలను పిలుస్తాయి. వాటిని కీమోకైన్లంటారు. ఆ పిలుపును అందుకునే గ్రాహకం కణం పైపొరలో ఉంటుంది. కీళ్లు వాచిన ఎలుకల్లో ఏ కణాల మీద అది ఉందో నేను కనిపెట్టాలి. అందుకు దాన్నే వెతికి పట్టుకునే యాంటీబాడీ ఒకటి తెప్పించాం. దానికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. చిటికెన వేలంత సీసా, అడుగున కాసిన్ని చుక్కలు. వెలుతురు తగిలితే రంగు చెడిపోతుందని మా గైడు మేడం దానికి రేకు చుట్టించి ఫ్రిజ్‌లో పెట్టించింది.

మొదటిసారి రంగు పట్టించిన కణాలను లేజరు యంత్రంలోకి పంపితే దాదాపు అన్నీ మెరిశాయి. ల్యాబులో అందరూ సంతోషపడ్డారు. నాకే నమ్మబుద్ధి కాలేదు. అన్ని కణాల మీదా ఆ గ్రాహకం ఎట్లుంటుంది? అదే రంగున్న మరో యాంటీబాడీ, ఎలుక కణాల్లో దేన్నీ గుర్తుపట్టనిది, తీసుకుని వేసి చూశాను. అదీ అట్లే మెరిసింది.

ఈ ఫలితం చూపించాల్సిన సదస్సు దగ్గర పడింది, ఇప్పుడెందుకు కెలుకుతావని సీనియర్లు అన్నారు. మేడం యంత్రం ఇచ్చిన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"సీసాలో మిగిలింది కొంచెమే. మళ్లీ ఇప్పట్లో తెప్పించలేం. ఉన్నదాంతోనే సరిగ్గా చేయగలవా?"

"చేస్తాను మేడం."

ఆ ఆదివారం ఊరికి పోయి, అమ్మ వేళ్లకు నూనె రాస్తూ జరిగిందంతా చెప్పాను. చాలా రకాల తెల్లకణాలు ఏ యాంటీబాడీ వచ్చినా దాని తోక పట్టుకుంటాయని, మేం చూసింది ఆ మెరుపేనని చెప్పాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇది నా చేతులకు మందైతాదా?"

"కాదుమా. మందుకు ఇంకా శానా దూరం ఉండాది."

అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "అట్లయితే పొద్దున బస్సుకే పో. ఈడ కూసుంటే దూరం తగ్గుతాదా?"

పొద్దున బస్సుకే పోయాను.

తోక పట్టుకునే చోట్లను ముందుగానే మూసేసే ద్రావణం ఒకటి ఉంది. అది ఎంత వేయాలో, ఎంతసేపు ఉంచాలో పాత యాంటీబాడీలతో సాధన చేశాను. చేయి కుదిరిందని గట్టిగా నమ్మకం కలిగాకే అసలు సీసా మూత తీశాను. ఈసారి యంత్రం తెర చాలావరకు ఖాళీ. ఒక పక్కన చిన్న గుంపు మాత్రం మెరుస్తూ నిలిచింది. దేన్నీ గుర్తుపట్టని యాంటీబాడీ వేసిన కణాల్లో ఆ గుంపు లేదు. మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుని, మళ్లీ ఒకసారి చేసి చూపించమంది. చేశాను. అదే చోట, అదే గుంపు.

సదస్సులో ఒక పెద్దాయన, మెరిసే కణాలు ఇంత తక్కువేనా అని అడిగాడు. ఇంతేనని చెప్పి, ముందు ఎట్లా మోసపోయామో ఆ బొమ్మ కూడా చూపించాను. అమ్మ వేళ్లు ఇంకా పొద్దున పూట ముడుచుకునే ఉంటాయి. నేనిప్పుడు ఆ చిన్న గుంపు కీలులోకి ఏ దారిన పోతుందో వెతుకుతున్నాను.