పెట్ట వేలంలో మౌనం

సినిమా చూసి హాలు బయటికి వచ్చాక మేం మూడు ప్రశ్నలు వేసుకునేవాళ్లం. ఇందులో ఎవరికి ఏం కావాలి? చివరికి ఎవరు మారారు? కెమెరా ఎవరి పక్కన నిలబడింది? మొదటి రెండూ నావి, మూడోది నా స్నేహితుడిది. కర్నూలులో పాలిటెక్నిక్ చదివేటప్పుడు మొదలైన అలవాటు. ఇప్పుడు నేను కల్లూరులో పైపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నాణ్యత చూస్తాను. వాడు హైదరాబాదు పోయి, సినిమాలకు మాటలు రాసే ఒకాయన దగ్గర చేరాడు.

"సినిమాకు గూడా కొలతలు తీస్తాండావు గదప్పా, స్క్రూగేజీ తెచ్చుకోపో" అని ఎగతాళి చేసేవాడు.

"నువ్వు కొలవకుండానే గోడ కడ్తాండావు. నీ మీదనే పడ్తాది" అనేవాణ్ణి నేను.

ఒక్క విషయంలో మాత్రం మాకు తగాదా ఉండేది కాదు. మా సీమ మీద తీసే సినిమాల్లో ఊరు కనపడగానే దుమ్ము లేస్తుంది, తెల్లబట్టల మనిషి బండి దిగుతాడు, జనం తల దించుకుంటారు. పత్తికొండ పక్కన మా ఊళ్లో జనం తల దించుకోవడం నేనూ చూశాను. టమోటా ధర పడిపోయినప్పుడు, ప్రార్థనలో, పెళ్లిచూపుల్లో. ఇన్ని కారణాలుండగా సినిమాకు భయం ఒక్కటే ఎందుకు దొరుకుతుందన్నది మా ప్రశ్న. "మనోళ్లకు క్లోజప్పు ఇయ్యరప్పా, గుంపుగానే చూపిస్తారు. నేను సినిమాల్లోకి పోయినాక ఇస్తా సూడు" అనేవాడు వాడు. నేను నమ్మాను.

చదువుకునే రోజుల్లోనే ఒక ఏడు వాణ్ణి మా చర్చి కోత పండగకు తీసుకుపోయాను. ఆ రోజు ఎవరి పంటలోంచి వాళ్లు కానుక తెస్తారు. జొన్నలు, గుమ్మడికాయలు, వేరుశనగ, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. చర్చి వెనక వీధిలో ఒంటరిగా ఉండే అవ్వకు పొలం లేదు. ఉన్న ఒక్క కోడిపెట్టనే గంపలో పెట్టుకుని తెస్తుంది. ఏటా అదే పెట్ట.

"మళ్లీ వచ్చిందిరా ఇది. ఈసారి బాప్తిస్మం ఇప్పించి సభ్యత్వం రాయండి" అన్నాడు వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన.

వేలం వేసే మనిషి పెట్టను పైకెత్తగానే మా నాయన లేచి, "పెట్ట నాదే" అని తన ధర చెప్పాడు. అంతే, ఇంకెవరూ పాట పాడలేదు. అందరూ తలలు దించుకున్నారు. పక్కన కూర్చున్న నా స్నేహితుడు వంగి వాళ్ల మొహాలు చూశాడు. అందరూ నవ్వు దాచుకుంటున్నారు.

ఆరాధన ముగిశాక నాయన ఆ పెట్టను అవ్వ గంపలోనే పెట్టాడు. "మా ఇంట్లో కుక్క ఉండాది అవ్వా, కోళ్లను బతకనీదు. నీకాడనే పాలుకు మేపు" అన్నాడు. పాలుకు మేపడమంటే, పిల్లల్ని పొదిగితే అందులో సగం మాకు రావాలి. ఎప్పుడూ రాలేదు, నాయన అడగనూ లేదు. మాకు కుక్క కూడా లేదు. ఆ సంగతి అవ్వకూ తెలుసేమో. కానుక ఇచ్చిన గౌరవం ఆమెకు మిగలాలి, పెట్టా మిగలాలి. దానికోసం ఊరంతా కలిసి నోరు మూసుకునేది. ఆ రోజు మా ఇంట్లో తింటూ నా స్నేహితుడు నాయనతో, "మామా, ఇట్లాంటి సీను ఏ సినిమాలో లేదు" అన్నాడు.

ఈ ఏడు వాడు మాటలు రాసిన సినిమా వచ్చింది. తెర మీద వాడి పేరు చూసి నేను ఈల కూడా వేశాను. సగం సినిమా గడిచాక జాతరలో వేలం. ముసలామె ఒక కోడిపెట్ట తెచ్చింది. తెల్లబట్టల మనిషి కాలు మీద కాలేసుకుని, "పెట్ట నాదే. ఇంగెవరికన్నా గావల్నా?" అన్నాడు. జనం తలలు దించుకున్నారు. కెమెరా ఆ మనిషి భుజం వెనక నిలబడింది. తలలు కనిపించాయి గానీ మొహాలు కనిపించలేదు. ఆ తెల్లబట్టల మనిషి పెట్ట మెడ విరిచాడు. అప్పుడు హీరో లేచి పై పాట పాడాడు. హాలంతా ఈలలు.

హాలు బయటి నుంచే నా స్నేహితుడికి ఫోన్ చేశాను.

"మామను అనలేదప్పా, అది సీను" అన్నాడు. "మౌనానికి మించిన డైలాగు లేదని నువ్వే అంటాంటివి గదా."

"ఆ మౌనం ఎందుకో నీకు తెలుసు. వంగి చూసినావు."

"నవ్వుతా తల దించుకుంటే ఎవరికి అర్థమైతాదప్పా? భయమైతే ఒక్క షాటు సాలు."

మూడో ప్రశ్న వాడిదేనని గుర్తుచేయాలనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

కోత పండగ నాటికి "పెట్ట నాదే" అన్న ఆ మాటతో ఊరి కుర్రాళ్లందరూ రీల్స్ చేసేశారు. నాయన మాత్రం సినిమా చూడలేదు. పెట్ట పైకి లేవగానే అలవాటుగా లేచి, "పెట్ట నాదే" అన్నాడు.

వెనక నుంచి ఈల. "ఇంగెవరికన్నా గావల్నా?" అని ఒకడు ఆ గొంతుతోనే అరిచాడు. చర్చంతా నవ్వింది. ఈసారి ఎవరూ తల దించుకోలేదు. ఇంకొకడు హీరోలా చెయ్యెత్తి పై పాట పాడాడు. నాయన నా వైపు చూశాడు. తేరుకుని ఇంకో పాట పాడాడు. ఆ పిల్లవాడు దాని మీద పాడాడు. చప్పట్లు. కానుక పెరుగుతోందని వేలం వేసే మనిషి కూడా ఉత్సాహపడ్డాడు. నాయన కూర్చున్నాడు.

పెట్ట కాళ్లు కట్టి, బండి హ్యాండిల్‌కు తలకిందులుగా తగిలించుకుని ఆ కుర్రాళ్లు పోయారు. అవ్వ ఖాళీ గంప చంకలో పెట్టుకుని గేటు దాకా వాళ్ల వెనకే నడిచి, అక్కడ ఆగిపోయింది.

దారిలో నాయనకు సినిమాలో ఏముందో చెప్పాను.

"వాడు మనింట్లో తిన్నోడే గదరా. పెట్ట యాడికి పోతాదో వానికి చెప్పలేదా నువ్వు?"

"చెప్పక్కర్లేదు నాయనా. వాడే సూసినాడు."

రేపు సంతలో అవ్వకు ఇంకో పెట్టను కొనుక్కొస్తానన్నాను.

"కొనిస్తే తీసుకోదురా" అన్నాడు. "ఆమె ఎప్పుడన్నా మనకాడ ఏమన్నా తీసుకుందా?"