పేన్ల రైలుకు ఇంజను మా అమ్మ

మొన్న పొద్దుగాల హఫీజ్‌పేటల నా బ్యూటీపార్లర్ల ఒక పిల్ల తలకు హెన్నా పెడుతుంటె ఫోనొచ్చింది. అమ్మ బిడ్డ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. నిద్రలనే. చాయ్ తీస్కపోయి లేపితె లేవలే" అన్నది. చేతులేమో హెన్నాల, ఫోనేమో భుజం మీద, కండ్లకేమో ఏమీ కనిపిస్తలేదు. కుర్చీల కూసున్నది సాఫ్ట్‌వేర్ పిల్ల, ఆఫీసుకు పోయే తొందర దానిది. "నువ్వు పో అక్కా, నేను కడుక్కుంట" అని సగం తలకు పచ్చ ముద్దతోనే లేచి ఉరికింది. అమ్మ చూస్తె కడుపు పట్టుకోని నవ్వేది.

అమ్మ అంటె నన్ను కన్నామె కాదు. ఆడోళ్ళ జైల్ల పెద్ద వార్డరు. లోపలున్నోళ్ళందరం అమ్మ అనే పిలిచేటోళ్ళం. రిటైరయినంక నల్లగండ్లల బిడ్డ దగ్గర ఉండె. నేను ట్రాన్స్‌జెండర్‌ను. ముందే చెప్తున్న, ఎందుకంటె మా ఇద్దరి కథ ఆడికెల్లే మొదలైంది.

ఒకసారి సిగ్నల్ కాడ పెద్ద కొట్లాటైంది. దొరికినోళ్ళందర్ని పట్టుకపోయిండ్రు, అండ్ల నేనొకదాన్ని. తర్వాత ఆ కేసు కొట్టేసిండ్రు, అది వేరే ముచ్చట. ముందుగాల మగోళ్ళ జైలు గేటు కాడ నిలబెట్టిండ్రు. నా పానం గాల్లనే కలిసినట్టయింది. నా గుర్తింపు కార్డుల ఆడ అని ఉన్నది చూసి, ఆడోళ్ళ జైలుకే పంపుమని కోర్టు చెప్పింది. హమ్మయ్య, బతికిన అనుకున్న. ఏడ బతికిన! లోపలికి పోంగనే లొల్లి.

బ్యారక్‌ల పాలమూరు దిక్కు అక్క ఒకామె ఉండె. గొంతెత్తితె గోడలు దద్దరిల్లాలె. "ఈమె ఈడ పంటె నేను వరండల పంట" అన్నది. "మొగోని చేతుల దెబ్బలు తిని తిని వచ్చిన. గసొంటి గొంతు ఇంటెనే నాకు వణుకు పుడుతది. తానం ఎట్ల చెయ్యాలె, చీర ఎట్ల మార్చుకోవాలె?" నాకు మస్తు కోపమొచ్చింది. "నేనేం జేసిన నిన్ను?" అని నేను ఆమెకంటె పెద్దగ ఒర్లిన. ఒర్లుతుంటె నా గొంతు ఇంక మొద్దుగైంది, ఏం జెయ్యాలె!

అమ్మ మా నడుమ బకెట్ బోర్లించి కూసున్నది. ఇద్దర్ని అలిసిపోయేదాంక ఒర్లనిచ్చింది. అటెన్క అన్నది: "దాని భయం ఉత్తగ రాలే. నీ భయం ఉత్తగ రాలే. ఎవ్వరిని అబద్ధమాడుతున్నవనాలె నేను?" కుట్టుమిషన్ల సామాను పెట్టే చిన్న అర్ర ఖాళీ చేయించింది. రాత్రి నాకు ఆ అర్ర, తానానికి వేరే టైము, తాళం అమ్మ చేతుల. పగలు మాత్రం అందరితోని వాకిట్లనే. నన్ను మళ్ళ మగోళ్ళ దిక్కు పంపనియ్యలే, ఆమెను వరండల పండనియ్యలే.

అయితె ఒక్క వాకిట్ల ఉంటె కలిసినట్టా? పగటి బువ్వ తిన్నంక ఆడోళ్ళందరు మెట్ల మీద నీడకు ఒకరెనుక ఒకరు కూసునేటోళ్ళు. ముందున్నామె తలల ఎనుకున్నామె పేన్లు చూసుడు. దాన్ని రైలు అనేటోళ్ళు. ఆ రైలెక్కితెనే బ్యారక్‌ల మనిషైనట్టు. నేను నీళ్ళ నల్ల కాడ ఒక్కదాన్నే కూసోని ఎవ్వరి తల ఎవ్వరు చూస్తున్నరో చూసేదాన్ని. నా తలల ఏమన్న ఉన్నా అడిగేటోళ్ళు లేరు.

అట్ల కొన్నొద్దులు పోయినంక ఒకనాడు అమ్మ టోపీ తీసి బరబర గోక్కుంట వచ్చింది. "తప్పు మీరు చేసిండ్రు, శిక్ష నాకు పడ్డదే!" అని తిట్టుడే తిట్టుడు. నవ్వాపుకోలేక సచ్చినం. కాని వార్డరు తల ముట్టుకునే ధైర్యం ఎవ్వరికుంటది? అమ్మ సక్కగ నా ముంగట వచ్చి కూలబడ్డది. "నీ చేతులు ఖాళీగున్నయ్ గదా, చూడు బిడ్డా."

నా కోసం నాటకమాడిందనుకునేరు. అయ్యో, కాదు! నిజమైన పేన్లే, బలిసినయి. నాకేమో పేన్లు తీసుడు రాదు. "జర మెల్లగనే! నాది తల, మీ నాయిన పొలం కాదు దున్నెతందుకు" అని అమ్మ మొత్తుకుంటున్నది. అది చూసి చూసి పాలమూరక్క ఇగ ఆగలేకపోయింది. "అట్ల కాదే మొద్దూ, పాయ తియ్యి, చెవెనుక చూడు" అనుకుంట వచ్చి నా ఎనుక కూసున్నది. కూసున్నది కూసున్నట్టే నా జుట్టు విప్పింది. నాకు ఏడుపాగలే. ముంగట కూసున్న అమ్మ, "ఇంజను నేను, కదలకుండ కూసోండ్రి" అన్నది.

బయటికొచ్చే రోజు గేటు కాడ అమ్మ నవ్వుకుంట, "జైలును అత్తారిల్లంటరు గద, అంటె నేను నీ అత్తను. వచ్చి నా తల దువ్వకపోతివో, చూడు మల్ల" అన్నది. అప్పటికెల్లి పార్లర్ బంద్ ఉన్న రోజల్లా నల్లగండ్లకు పోయేదాన్ని. అమ్మ బాల్కనీల కూసుంటె తలకు నూనె పెట్టేదాన్ని. అమ్మకేమో చాయ్‌ల బిస్కెట్ ముంచుడు, అది ఇరిగి పడితె బిస్కెట్ కంపెనీని తిట్టుడు. ఒకసారి టీవీల మా ముచ్చటే వచ్చింది, మా అసొంటోళ్ళను ఆడోళ్ళ జైల్ల పెట్టాల్నా వద్దా అని. ఒకాయన పెట్టాలె అని, ఒకాయన వద్దని, ఇద్దరు గొంతులు చించుకుంటున్నరు. అమ్మ బిడ్డ అడిగింది, "నువ్వు ఏ దిక్కమ్మా?" అని.

"వచ్చిన మనిషిని చూడాలె. ఆడున్న ఆడోళ్ళను అడగాలె. రాత్రి తాళం ఎవ్వరి చేతుల ఉన్నదో చూడాలె. ఒక్క మాటల ఎట్ల చెప్తనే?" అన్నది. చాయ్‌ల ఇంకో బిస్కెట్ ముంచుకుంట, "వీళ్ళిద్దరిల ఒక్కనికన్న పేన్లు పడ్డయా?" అన్నది. చేతుల ఉన్న నూనె గిన్నె జారిపోయేటట్టు నవ్విన.

మొన్న నేను పోయేసరికి అపార్ట్‌మెంట్ కింద సెల్లార్ల చీరలు అడ్డం కట్టి అమ్మకు ఆఖరి తానం పోస్తున్నరు. జనగామ దిక్కుకెల్లి వచ్చిన అమ్మ వాళ్ళక్క నా ఏడుపు గొంతు విని చీర పక్కకు జరిపింది, నన్ను కింద మీద చూసింది. "ఈడ ఆడోళ్ళమే ఉన్నం బిడ్డా" అన్నది. తిట్టలే, మెల్లగనే అన్నది. మళ్ళ ఆ మగోళ్ళ జైలు గేటు కాడ నిలబడ్డట్టయింది. అమ్మ లేకపాయె, ఇగ ఎవ్వరు చెప్పాలె నా గురించి? పోయి లిఫ్టు కాడ నిలబడ్డ.

జరసేపటికి అమ్మ బిడ్డ తడి చేతులతోని ఉరికొచ్చింది. "ఆడ నిలబడ్డవేందక్కా? అమ్మ నీతోని తప్ప ఎవ్వరితోని తల దువ్వించుకోదు, నీకెరుక లేదా?" అని చెయ్యి పట్టి గుంజుకపోయింది.

అమ్మ తల కాడ కూసున్న. తడి జుట్టు, నా పిడికిట్ల సగం గూడ లేదు. పాయ తీసిన, చెవెనుక చూసిన. అలవాటు, ఏం జెయ్యాలె. పెద్దమ్మ అది చూసింది. "ఏందే, పేన్లున్నయా మా చెల్లెకు?" అన్నది.

"ఒక్కటి గూడ లేదు పెద్దమ్మా" అన్న. బిడ్డ కిసుక్కున నవ్వింది, ఆడోళ్ళందరు ఏడ్చుకుంటనే నవ్విండ్రు.

వంగి దువ్వుతుంటె నా జుట్టు జారి నీళ్ళల్ల పడబోయింది. పెద్దమ్మ వచ్చి నా ఎనుక కూసోని, నా జుట్టు రెండు చేతుల్ల ఎత్తి పట్టుకున్నది, నేను దువ్వుడు అయిపోయేదాంక.